దీవి పిల్ల నరికిన మొగలి వరస

నాకు ముక్కు మంచిది. నా ఉద్యోగాన్ని నిలబెట్టింది చదువు కాదు, ఆ ముక్కేనని మా ఇంట్లో అంటారు. నేనూ కాదనను. విత్తనాల బస్తా మూతి విప్పకుండానే లోపల బూజు పట్టిందో లేదో చెప్పేవాణ్ణి. రిటైరయ్యాక ఆ ముక్కుకి పని లేకుండా పోయింది. ఇప్పుడు బరంపురం లంజిపల్లిలో మేడమీద గదిలో కూర్చుంటే కింద ఆటోల పొగ తప్ప మరో వాసన రాదు. అయినా ఆషాఢంలో నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, దగ్గరలోనే ఎవరో మొగలి పొత్తి విప్పినట్టు అనిపిస్తుంది. లేచి కిటికీ దాకా వెళ్తాను. అక్కడేమీ ఉండదు. మా ఆవిడ వెనకనుంచి "మల్లీ ఎల్లిపోనారా?" అంటుంది. ఎక్కడికి అని అడగదు, ఆవిడకి తెలుసు.

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి సార్" అంటారు. డాక్టర్లకీ పోలీసులకీ ఉంటాయి కేసులు. మనకేముంటాయి, పురుగులూ తెగుళ్ళూ. కానీ ఒకటి ఉంది. చాలాకాలం అయింది కాబట్టి కొంత జరిగిందీ, కొంత నేను కలలో చూసిందీ కలిసిపోయి ఉండొచ్చు. ఇప్పుడు విడదీయడం నావల్ల కాదు. కలిపే చెబుతాను, వినండి.

అప్పట్లో బరంపురం ఊరి చివర మాదొక శిక్షణ కేంద్రం ఉండేది. ఇప్పుడు మీరు ఇంటర్న్‌షిప్ అంటున్నారే, అదే పని. మేం 'ప్రాక్టికల్ ట్రైనింగ్' అనేవాళ్ళం. ఆఫ్రికా నుంచి, తూర్పు దేశాల నుంచి, మాకు పేరు పలకడం రాని దీవుల నుంచి వ్యవసాయం నేర్చుకునే పిల్లలు వచ్చేవారు. కొన్నాళ్ళు తరగతి గదిలో పాఠాలు. ఆ తరవాత ఒక పంటకాలమంతా ఎవరో ఒక రైతు ఇంట్లో ఉండి, ఆ ఇంటి కూడు తిని, ఆ ఇంటి పొలంలో పనిచేయాలి. తగిన ఇల్లు వెతకడం, ట్రైనీని అక్కడ దింపడం, వారం వారం జీపులో వెళ్ళి చూసి రావడం, వీళ్ళ మాట వాళ్ళకీ వాళ్ళ మాట వీళ్ళకీ చెప్పడం నా పని. ఒక రకంగా పెళ్ళిళ్ళ పేరయ్య ఉద్యోగం. కుదిరితే ఎవరికీ గుర్తుండను, చెడితే అందరికీ నేనే గుర్తొస్తాను.

మా పెద్దసారు ఒరియా ఆయన. తెలుగు మనకంటే శుభ్రంగా మాట్లాడేవారు. కోపం వస్తే మాత్రం ఒరియాలోకి వెళ్ళిపోయేవారు. అందుకని ఆయన తెలుగులో తిట్టినంతసేపూ మాకు భయం ఉండేది కాదు. జీపు డ్రైవరు నాకంటే సీనియరు. ప్రతి ఊరినీ అక్కడ పెట్టే భోజనంతో గుర్తుపెట్టుకునేవాడు. రంభ వైపు పని పడిందంటే చిలికా రొయ్యల మీద ధ్యాసతో తెల్లారకముందే మా వీధిలో హారన్ కొట్టేవాడు. మెట్ట ఊళ్ళవైపు పని పడితే ఆ రోజు జీపుకి ఏదో ఒక జబ్బు చేసేది.

ఆ యేడు వచ్చినవాళ్ళలో ఒక అమ్మాయి ఉంది. పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దీవి వాళ్ళది. మా ఆఫీసు గోడమీద ప్రపంచ పటం ఉండేది. అందులో మీ దేశం చూపించమ్మా అంటే ఆ పిల్ల చాలాసేపు వెతికి, ఆఖరికి పకపకా నవ్వింది. సరిగ్గా ఆ దీవి ఉండాల్సిన చోటే పటం జారిపోకుండా మా బంట్రోతు కొట్టిన మేకు ఉంది. ఆ నవ్వుతోనే అందరికీ నచ్చేసింది.

ఆ దీవిలో మట్టి లేదట, అంతా ఇసకే. ఇసకలో వేరుశనగ, కూరగాయలు ఎలా పండించాలో నేర్చుకు రమ్మని వాళ్ళ ప్రభుత్వం మొట్టమొదటిసారి ఒక మనిషిని బయటికి పంపింది. నేర్చుకుని వెళ్తే అక్కడ ఒక నర్సరీ పెడతారు, ఆ పిల్లే దాన్ని నడపాలి. మధ్యలో తిరిగి పంపేస్తే నర్సరీ లేదు, ఆ దీవికి ఇచ్చిన సీటు కూడా ఇంక ఉండదు. మా పెద్దసారు మొదటిరోజే నన్ను పిలిచి, "జాగ్రత్తయ్యా, మనం తీసుకుంది ఒక పిల్లని కాదు, ఒక దేశాన్ని" అన్నారు.

ఇసక నేల కావాలి కాబట్టి రామయ్యపట్నం వెళ్ళే దారిలో, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఒక తెలుగు ఊరు ఎంచుకున్నాను. ఆ ఊళ్ళో నేను అప్పా అని పిలిచే ఒకావిడ ఉండేది. నాకు అక్క వయసు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. వేరుశనగ, చోళ్ళు, అంటే రాగులే, నాలుగు కొబ్బరిచెట్లు, ఒక గేదె, అన్నీ ఒంటిచేత్తో చూసుకునేది. గోడ అవతలే మరిది సంసారం. ఊళ్ళో పెళ్ళికీ పేరంటానికీ అప్పకి పిలుపు వచ్చేది గానీ ముందుకొచ్చి కూర్చోమని ఎవరూ అనేవారు కాదు. పిల్లల్లేరన్న మాట ఆవిడ ముందు ఎవరూ అనరు, వెనక అందరూ అంటారు.

పిల్లని దింపడానికి వెళ్ళినరోజు అప్ప నన్ను పక్కకి లాగింది. "ఏటి తమ్ముడా, ఇంత దూరం నుంచి ఒచ్చిన పిల్లకి నానేటి ఎట్టగలను? మా చోడంబలి తాగుతాదేటి?" అంది. పిల్ల అంబలి తాగి, గిన్నె మళ్ళీ చాపింది. అప్ప నా వైపు చూసి, "ఇంక నువ్వెల్లు" అంది. అంత తేలిగ్గా కుదిరిన సంబంధం నా సర్వీసులో మరొకటి లేదు.

ఆ పిల్ల తెలుగు నేర్చుకున్నది అప్ప నోటినుంచే. నెల తిరిగేసరికి బరంపురం వచ్చి మా పెద్దసారుతో, "ఏటండి, బాగున్నారేటి?" అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. అప్పని అమ్మా అని పిలిచేది. ఊరంతా దాన్ని దీవి పిల్ల అనేవారు. సాయంత్రం పనయ్యాక ఇద్దరూ ఇసక తిన్నెలు దాటి సముద్రం ఒడ్డుకి వెళ్ళేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. ఎండ చల్లారి, ఎక్కడ నీళ్ళు అయిపోయాయో ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియని వేళ. పిల్ల నీళ్ళలో కాళ్ళు పెట్టి, ఇవే నీళ్ళు మా ఊరిదాకా ఉంటాయని చెప్పింది. అప్ప నీళ్ళకేసి చూసింది. "అయితే మీ అమ్మ కాళ్ళు కడుక్కున్న నీళ్ళు ఇక్కడికొస్తాయేటి?" అని అడిగింది. పిల్ల వస్తాయంది. అప్ప వంగి ఆ నీళ్ళు చేత్తో తాకింది. నాకు ఆ సాయంత్రం ఇప్పటికీ నిజమో కాదో తెలియనట్టు ఉంటుంది.

ఇక మొగలి సంగతి చెప్పాలి. మన గంజాం తీరంలో పొలం గట్లమీద మొగలి పొదలే కంచె. ఒరియాలో కియా అంటారు. వీటిలో ఆడవి వేరు, మగవి వేరు. ఆడది అనాసపండు లాంటి కాయ కాస్తుంది, దాన్ని మనవైపు ఎవరూ ముట్టరు. మగది కాయదు, పూస్తుంది. వానలు పడ్డాక ఆకుల నడుమ పొత్తి వచ్చి, తెల్లవారుజామున విచ్చుకుంటుంది. ఎండ తగలకముందే కోసి బట్టీకి చేర్చాలి. అక్కడ పెద్ద రాగి పాత్రల్లో ఉడికించి ఆ ఆవిరి పట్టి అత్తరు తీస్తారు. ఇసకలో ఏం పండినా అది కడుపుకే సరి. కొత్త చీర కావాలన్నా, ఇంటి కప్పు నేయించాలన్నా, జ్వరమొస్తే బరంపురం వెళ్ళాలన్నా ఆ ఊళ్ళో అన్నీ మగ మొగలి పువ్వులోంచే రావాలి.

ఇది మా పాఠాల్లో ఎక్కడా లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు మా కేంద్రం లెక్కలో మొగలి పంట కాదు, కంచె. కంచెకి పాఠమేమిటి? ఊరివాళ్ళకైతే అది చెప్పాల్సిన సంగతని తట్టనే లేదు. అతిథిని పిలిచి, ఇదిగో ఇది మా పొయ్యి, దీనిమీదే అన్నం వండుతాం అని చెబుతామా? పైగా ఆ పిల్ల వచ్చింది ఎండాకాలంలో. అప్పుడు పువ్వూ లేదు, వాసనా లేదు. ముళ్ళు మాత్రం ఉన్నాయి.

ఆ పిల్ల దీవిలోనూ మొగలి ఉంది. అచ్చం ఇదే కాదు గానీ దీని తోబుట్టువు. అక్కడ ఆడచెట్టుదే రాజ్యం. కాయ తియ్యగా ఉంటుందట, తింటారు, ఎండబెట్టి దాచుకుంటారు, ఆకులతో చాపలు అల్లుతారు. వరసలో మగచెట్టు మొలిస్తే ఆడచెట్లకి ఎండ అడ్డమని కొట్టేస్తారు. ఇంకో ఆచారం కూడా ఉంది. ఒకరింట్లో చాలాకాలం ఉన్న మనిషి, ఆ ఇంటావిడ ఊరెళ్ళిన సమయం చూసి, ఆవిడకి చెప్పకుండా చెట్ల వరస బాగుచేసి పెట్టాలి. చెప్పి చేస్తే కూలిపని, చెప్పకుండా చేస్తే బహుమానం. ఇవన్నీ మాకు తరవాత తెలిశాయి.

అప్ప సోంపేటలో చుట్టాల పెళ్ళికి వెళ్ళింది. పిల్ల ముందుజాగ్రత్తగా గోడ అవతలి మరిదిని అడిగిందట, "ఈ వరస కాస్తాదా మావా?" అని. ఆయన తాటిమట్ట చీరుకుంటూ, "ఇది మగది, కాయదమ్మీ. కాసేది అటేపుది" అన్నాడట. అందులో అబద్ధమేమీ లేదు.

అప్ప తిరిగొచ్చేరోజు నేనూ ఆ ఊరికే వెళ్తున్నాను. ఇచ్ఛాపురంలో బస్సు దిగి సంచితో నిలబడి ఉంటే జీపు ఎక్కించుకున్నాం. సన్నగా వాన. సంచిలో పిల్లకోసం తెచ్చిన పెళ్ళివారి అరిసెలు. దారంతా పిల్ల కబుర్లే. వేరుశనగలో కలుపు ఎంత బాగా తీస్తుందో, గేదె దానికెంత మాలిమి అయిందో చెబుతూనే ఉంది. డ్రైవరు అరిసెల వాసనకి బండి నెమ్మది చేశాడు.

ఊరు ఇంకా రాకముందే నా ముక్కుకి మొగలి తగిలింది. ఇంత తొందరగానా, ఇంకా పొత్తులైనా రాలేదే అనుకున్నాను. పూసిన వాసన కాదు అది. పచ్చిగా, నీళ్ళలో కలిసినట్టు, ఎక్కడో లోపల దాగి ఉండాల్సింది బయటపడ్డ వాసన. అప్ప కబుర్లు ఆగిపోయాయి. ఆవిడకీ తెలిసింది.

ఇంటి పక్క గట్టుమీద మగ మొగలి వరస మొత్తం నేలమీద ఉంది. అడ్డదిడ్డంగా కాదు, ఎంతో పొందికగా. తలలు ఒకవైపు, కాడలు ఒకవైపు. ఆకులు ముళ్ళు తీసి, కట్టలు కట్టి, తొట్టిలో నానబెట్టి ఉన్నాయి. అవతలివైపు ఆడచెట్ల మీద వాన ఇప్పుడు అడ్డం లేకుండా పడుతోంది. పిల్ల మోచేతుల దాకా గీరుకుపోయి రక్తం చారలు కట్టింది. ఆ చేతులు ఊపుకుంటూ ఎదురొచ్చింది.

"అమ్మా! సూడు, సూడు!"

అప్ప దిగి, అక్కడే నిలబడిపోయింది. "ఎవులు కొట్టినారే ఇది?" అంది.

"నానే అమ్మా! నానొక్కర్తినే!"

"ఎందుకు కొట్టినావమ్మీ?"

"కాయని సెట్టు గదమ్మా. కాయని సెట్టు ఉండి ఎందుకు?" అంది పిల్ల, నవ్వుతూ.

అప్పటికే చుట్టుపక్కల ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి ఉన్నారు. ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు ఆ నిమిషంలో తెలిసింది. యేడాది పువ్వు పోయింది, అది ఒక దెబ్బ. పాతికేళ్ళుగా తన వెనక ఊరంతా గొణిగిన మాట, అమ్మా అని పిలిచిన నోటితోనే, ఊరి ముందు, నవ్వుతూ వచ్చింది, అది రెండోది. అప్ప సంచి అరుగుమీద పెట్టి లోపలికి వెళ్ళింది. తలుపు దగ్గరికి వేసింది, గడియ మాత్రం పెట్టలేదు.

పిల్లని పక్కకి తీసుకెళ్ళి మగపువ్వు సంగతి చెప్పాను. ఒక తల తీసి, ఆకులు ఒలిచి, లోపల ఇంకా పాలిపోయి ఉన్న చిన్న పొత్తి చూపించాను. అది వాసన చూసింది. దాని మొహం చూడలేకపోయాను.

"ఎవులూ సెప్పనేదు. నువ్వూ సెప్పనేదు" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఎవరిమీదో తెలియలేదు. రెండో దెబ్బ సంగతి చెప్పాలా వద్దా అని ఊగిసలాడి, చెప్పేశాను. అప్పకి పిల్లలున్నారని, వాళ్ళు ఎక్కడో దూరాన ఉంటారని ఆ పిల్ల అనుకుందట అంతకాలమూ. ఇంట్లో అంత ప్రేమ ఉంటే పిల్లలు ఉండే ఉంటారనుకుంది. ఇసకలో కూలబడింది. అప్పటిదాకా ఏడుస్తున్న పిల్ల ఏడుపు ఆపేసింది. నాకు భయం వేసింది అప్పుడే.

ఆ తరవాతి రోజులు గుర్తు చేసుకుంటే అన్నీ వానలో తడిసి ఒకటిగా కనిపిస్తాయి. పిల్ల నరికిన తలలన్నీ ఏరి, గట్టుమీద ఇసక తవ్వి, ఒక్కొక్కటే తిరిగి పాతింది. కొమ్మ పాతితే మొగలి బతుకుతుంది, ఆ పని దాని దీవిలో పసిపిల్లలకైనా తెలుసు. బతికినా పూయడానికి ఏళ్ళు పడుతుంది, అదీ తెలుసు. అప్ప అరుగుమీద కూర్చుని చూసేది. వేళకి అన్నం పెట్టేది. పిల్ల చేతులకి రాసుకోవడానికి పసుపు కలిపిన నూనె గిన్నె దాని చాప పక్కన ఉంచేది. అది లేచేలోగా లోపలికి వెళ్ళిపోయేది. బట్టీవాడు సైకిలు మీద వచ్చి, ఖాళీ గట్టు చూసి, సైకిలు తిప్పుకుని పక్క ఊరికి వెళ్ళిపోయాడు.

మరిది ఊరుకోలేదు. బరంపురం వచ్చి మా కేంద్రం వరండాలో నిలబడి అందరూ వినేలా అరిచాడు. "సదువు నేర్పమంటే మా ఇంటి మీదకి గొడ్డలిచ్చి తోలినారేటి? ఆ పిల్లని పంపీండి. నేకపోతే మా ఊళ్ళో మీ జీపు దిగనివ్వం" అన్నాడు. ఆయన బాధలో అన్యాయమూ లేదు. గోడ అవతలున్నా పువ్వు రోజుల్లో రెండు ఇళ్ళూ కలిసే కోసేవారు, కలిసే అమ్మేవారు.

పెద్దసారు ముందు ఒరియాలో తిట్టారు. తరవాత తెలుగులోకి వచ్చి మెల్లగా అన్నారు. "రూలు నీకు తెలుసు. ఇంటివాళ్ళు వద్దంటే ట్రైనీని వెనక్కి పంపాలి. మరిది మాట చాలదు, ఆవిడ నోటితో ఆవిడే చెప్పాలి. భువనేశ్వర్ నుంచి ఆఫీసరు వస్తున్నారు."

ఆఫీసరు వచ్చే ముందురోజు నేను అప్ప దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్లకి తెలీదు అప్పా, తెలిస్తే అలా అంటుందా అని ఏదేదో చెప్పాను. అప్ప చేటలో చోళ్ళు చెరుగుతూ, తల ఎత్తకుండా, "తమ్ముడా, నువ్వింటికెల్లు" అంది. జీపులో తిరిగొస్తుంటే డ్రైవరు ఆ దారిలో మొదటిసారి తిండి మాట ఎత్తలేదు. పిల్ల పెట్టె సర్దుకుని ఉండడం ఇద్దరం చూశాం.

ఆఫీసరు మంచివాడే. బూట్లు తడిసి చిరాకుగా ఉన్నాడు, అంతే. అరుగుమీద కుర్చీ వేశారు. ముసురు పట్టిన ఉదయం. ఊరు ఊరంతా చూరుల కింద నిలబడింది. మరిది ముందుకొచ్చి చెప్పాల్సింది చెప్పాడు. అప్ప గుమ్మంలో నిలబడింది. పిల్ల మాత్రం తను పాతిన వరస దగ్గర, వానలోనే నిలబడింది. ఆఫీసరు ఒరియాలో అడగడం, నేను తెలుగులోకీ ఇంగ్లీషులోకీ మార్చడం.

"ఎందుకు నరికావో అడగండి" అన్నాడు.

అడిగాను. పిల్ల అప్ప వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ మాట మళ్ళీ తన నోటితో అనలేదు. నేనూ అనలేకపోయాను. ఒరియాలో, తెలుగులో, ఇంగ్లీషులో, నాకు తెలిసిన ఏ భాషలోనూ అది నోట్లోంచి రాలేదు. ఆఫీసరు నా మొహం చూస్తున్నాడు. అన్ని మాటలూ అటూ ఇటూ చేర్చడానికే ప్రభుత్వం నాకు జీతమిస్తోంది.

గుమ్మంలోంచి అప్ప గొంతు వినిపించింది. "సెప్పు తమ్ముడా. నాకు తెలీని మాటేటి? కాయని సెట్టని కొట్టింది. సెప్పు బాబుకి."

చెప్పాను. ఆఫీసరు కాగితం మీద రాసుకున్నాడు.

"సరే. ఇప్పుడు ఈవిడని అడగండి. ఈ అమ్మాయిమీద ఫిర్యాదు ఉందా? పంపెయ్యమంటారా?"

అప్ప వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళింది. మరిది దగ్గాడు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. నేను పిల్ల పెట్టె వైపు చూశాను. అప్ప మళ్ళీ వచ్చేసరికి ఒక చేతిలో దువ్వెన, ఇంకో చేతిలో మొగలి పొత్తి ఉన్నాయి. వెనక గట్టున మిగిలిన రెండు మూడు పొదల్లో ఎక్కడో తెల్లవారుజామున విచ్చిన ఆ యేటి తొలి పువ్వు. ఆ ఊళ్ళో తొలి పువ్వు బట్టీకి వెళ్ళదు. ఇంటి ఆడపిల్ల జడలోకి వెళుతుంది. ఆడపిల్ల లేని ఇంట్లో చీరల పెట్టెలో పడి ఉంటుంది. ఇన్నేళ్ళూ అప్ప ఇంట్లో అలాగే ఉండేది.

"ఇలా రాయే అమ్మీ" అంది.

పిల్ల వచ్చింది. అప్ప అరుగు మెట్టుమీద దాన్ని కూర్చోబెట్టి, వెనక తను కూర్చుని, తడిసి ముడిపడిపోయిన ఆ ఉంగరాల జుట్టు విప్పింది. పువ్వు ఒలిచి, రేకులు మడిచి, ఒక్కొక్కటే జడలో పెట్టడం మొదలెట్టింది. ఆ వాసన అరుగంతా నిండింది. ఊరివాళ్ళు, ఆఫీసరు, నేను, అందరం ఎందుకొచ్చామో మరిచిపోయి చూస్తూ ఉన్నాం. ఎంతసేపో నాకు తెలియదు. జడ ఒకపట్టాన నిలవలేదు, ఆ జుట్టు అలాంటిది. అప్ప విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ అల్లింది. పిల్ల భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"వదినా, నీకేటి మతిపోయిందా?" అన్నాడు మరిది.

"ఆ గట్టు నాది. పోయిన పువ్వూ నాదే" అంది అప్ప, దువ్వెనని పళ్ళమధ్య పట్టుకుని. తరవాత దాన్ని తీసి ఆఫీసరు వైపు తిరిగింది. "ఆడపిల్లని జడేసి పంపుతారు గానీ కేసెట్టి పంపుతారేటి బాబూ? ఎప్పుడు పంపాలో నాను సెప్తాను. పూలన్నీ అయిపోనీయండి. అంతవరకూ ఇది ఇక్కడే ఉంటాది."

ఆఫీసరుకి తెలుగు రాదు. నా వైపు తిరిగి, "ఏమంటోంది?" అన్నాడు.

నేను అన్ని మాటలూ చెప్పలేదు. ఒక్కటే చెప్పాను. "కూతురంటోంది, సార్."

మరిది పెళ్ళాం చూరు కిందనుంచి వచ్చి, జడ కొస పట్టుకుని నిలబడింది, అప్పకి అల్లడం తేలికవుతుందని. అది చూసి మరిది ఇంట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఆఫీసరుకి కొబ్బరిబొండం కొట్టి తెచ్చాడు.

దీవి పిల్ల పూలకాలమంతా ఉంది. తెల్లారకముందే లేచి ఊళ్ళో మిగిలిన గట్లమీద పువ్వు కోసేది. బట్టీవాడి దగ్గర కూర్చుని మా కేంద్రం నేర్పనిదంతా నేర్చుకుంది. చలికాలం మొదట్లో వెళ్ళిపోయింది. నర్సరీ పెట్టారని, అందులో ఒక మగ మొగలి వరస కూడా ఉందని తరవాత కబురొచ్చింది. ఆ వరస ఎందుకని వాళ్ళ ఊళ్ళో అందరూ నవ్వుతున్నారట. ఇక్కడ పాతిన తలలు చాలావరకు బతికి, కొన్నేళ్ళకి పూశాయి. మా కేంద్రం మాత్రం బతకలేదు. మూసేసి మమ్మల్ని తలో చోటికీ పంపారు.

మీకు నేను చెప్పగలిగిందేమైనా ఉంటే ఇంతే. పాఠంలో ఏముందో చూసుకుంటూ ఉండండి, కానీ కంచె దగ్గర కాస్త ఆగండి. ఇలాంటి నీతులు చెబితే మా ఆవిడ నవ్వుతుంది కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను.

బదిలీ అయ్యాక కూడా ఆ దారిన పని పడితే అప్ప ఇంటి ముందు దిగేవాణ్ణి. ఎప్పుడూ సాయంత్రమే అయ్యేది. గ్లాసుతో మజ్జిగ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ప్రతిసారీ ఒకటే అడిగేది. "తమ్ముడా, మా అమ్మి దేశంలో ఇప్పుడు పొద్దా, రాత్రా?"

నేను వేళ్ళమీద లెక్కేసి, "అక్కడ నడిరాత్రి అప్పా. నిద్రపోతూ ఉంటుంది" అనేవాణ్ణి.

అప్ప గుమ్మం వైపు, దాని అవతల సముద్రం వైపు ఒకసారి చూసేది. "అయితే నెమ్మదిగా మాటాడు" అనేది.